పర్యాటకం పెరగాలంటే ప్రభుత్వం మొదట ఏ పని చేయాలి?

బాటసారి (సోమవారం, ఉదయం 7:40)

పద్దెనిమిదేళ్లుగా యాత్రలు నడిపే వృత్తిలో ఉన్నాను. చాలాకాలంగా మనసులో నలుగుతున్న ప్రశ్న ఇది. ఏ దేశంలోనైనా పర్యాటక శాఖ అనగానే ముందు కంటబడేది ప్రకటనే. కొత్త నినాదం, కొత్త చిహ్నం, విమానాశ్రయాల్లో నిలువెత్తు బొమ్మలు. తప్పని అనను. కానీ ఆ బొమ్మ చూసి మనసుపడ్డ మనిషి ఆ తరువాత ఎక్కడ ఆగిపోతున్నాడో గమనించేవాళ్లు తక్కువ.

ఒకసారి ఇరవై ఇద్దరు పెద్దవాళ్లతో ఒక యాత్ర కుదిరింది. అందరూ అరవై దాటినవారే, సగం మందికి అదే మొదటి విమాన ప్రయాణం. వీసా దరఖాస్తులో తండ్రి పుట్టిన ఊరు, తాతగారి జాతీయత, పదేళ్లలో తిరిగిన దేశాలు తేదీలతో సహా రాయాలి. ఎక్కడికీ వెళ్లనివారు ఆ గడి ఖాళీగా వదిలితే దరఖాస్తు ముందుకు కదలదు. ఒక్కొక్కరి పక్కన గంటసేపు కూర్చుని నింపాను. ఫొటోలో వెనుక తెలుపు చాలలేదని ఆరుగురివి తిరిగివచ్చాయి. మళ్లీ తీయించి పంపాం. చివరికి అనుమతులు వచ్చాయి, విమానం వెళ్లిపోయిన రెండో రోజున. వాళ్లలో ఒకావిడ ఫోను చేసి, "బాబూ, మనం రావడం వాళ్లకు ఇష్టం లేదేమో" అన్నారు. ఆమెకు ఏం చెప్పాలో తెలియలేదు.

ఒక దేశ ప్రభుత్వం పర్యాటకాన్ని నిజంగానే పెంచాలనుకుంటే మొదటి అడుగు ఎక్కడ వేయాలి? మీ మీ అనుభవం నుంచి చెప్పండి.

లెక్కలపద్దు (సోమవారం, ఉదయం 9:15)

బాటసారి గారూ, మీ బాధలో న్యాయం ఉంది. అయినా ప్రకటనను అంత సులువుగా పక్కన పెట్టలేం. ఒక హోటలు సొంత డబ్బుతో దేశం మొత్తానికి ప్రచారం చేస్తే, ఆ ప్రచారం చూసి వచ్చిన అతిథి పక్క హోటల్లో దిగవచ్చు. విత్తు ఒకరిది, పంట అందరిదీ. అందుకే ఎవరూ విత్తరు. ఆ విత్తే పని ప్రభుత్వం మీద పడుతుంది.

అమెరికా 1996లో తన జాతీయ పర్యాటక సంస్థను మూసేసింది. పద్నాలుగేళ్ల తరువాత, 2010లో, చట్టం చేసి మరీ బ్రాండ్ యూఎస్ఏ అనే ప్రచార సంస్థను ఏర్పాటు చేసుకోవలసి వచ్చింది. దానికి డబ్బు పన్నుల ఖజానా నుంచి రాదు. వీసా అక్కరలేని దేశాలవారు ముందస్తు అనుమతికి కట్టే రుసుములో కొంత, పరిశ్రమ జతచేసే వాటా కొంత. నాకు నచ్చిన ఏర్పాటు ఇది, ఎందుకంటే పరిశ్రమ తన చేతి డబ్బు పెడితే ప్రకటన ఫలించిందా లేదా అని అడుగుతుంది. ఇక ప్రభుత్వం ఈ రంగంలోకి రావడం కొత్త సంగతి కూడా కాదు. న్యూజిలాండ్ 1901లోనే పర్యాటకానికి, ఆరోగ్య విడుదులకు కలిపి ఒక శాఖ పెట్టింది. ప్రపంచంలో అలాంటి శాఖల్లో అదే మొదటిదని చెబుతారు.

ప్రకటన ఒక్కటే చాలదన్న మాట నిజం. జపాన్‌ను చూడండి. 2003లో జపాన్‌కు రమ్మంటూ పెద్ద ప్రచారం మొదలుపెట్టారు. ఆ ఏడాది వచ్చినవారు సుమారు 52 లక్షలు. కోటి దాటడానికి పదేళ్లు పట్టింది. ఆ తరువాత ఆరేళ్లకే, 2019 నాటికి, దాదాపు 3 కోట్ల 19 లక్షలు. నినాదం మారినందుకు అంత ఉరుకు రాలేదు. 2013లో థాయిలాండ్, మలేషియా పౌరులకు వీసా ఎత్తేశారు, మరికొన్ని దేశాలకు సడలించారు. యెన్ విలువ తగ్గింది. చౌక విమానాలు పెరిగాయి. విదేశీయులు కొనే సరుకులకు పన్ను మినహాయింపు విస్తరించారు. ప్రచారం మనసులో కోరిక పుట్టిస్తుంది, తలుపు తీయాల్సింది మాత్రం వేరే శాఖలు.

గాలివాటు (సోమవారం, ఉదయం 10:02)

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ప్రభుత్వం చేయాల్సిన మొదటి పని దారికి అడ్డు తొలగడం.

మొరాకో 2006లో యూరోపియన్ యూనియన్‌తో విమానయాన ఒప్పందం చేసుకుంది. ఏ సంస్థ ఏ ఊరికి ఎన్ని విమానాలు నడపాలో ప్రభుత్వాలు కూర్చుని పంచే పద్ధతికి స్వస్తి చెప్పింది. చౌక విమాన సంస్థలు అక్కడి మర్రకేష్ నగరానికి బారులు తీరాయి. అక్కడ ప్రభుత్వం చేసింది ఒక సంతకం, అంతే.

నేను ఒక ప్రభుత్వ హోటల్లో ఆరేళ్లు పనిచేశాను. గదిలో బల్బు పోతే మార్చడానికి మూడు సంతకాలు కావాలి. మూడో సంతకం చేసే ఆయన వారానికి ఒకసారి వచ్చేవారు. అతిథులకు కొవ్వొత్తి ఇచ్చి, రెండు చేతులూ జోడించి క్షమించమని అడిగిన రాత్రులు ఉన్నాయి. పనివాళ్లం మంచివాళ్లమే, చేయాలన్న మనసూ ఉంది. పద్ధతి మా చేతులు కట్టేసింది. అందుకే ప్రభుత్వం హోటలు నడపకూడదని గట్టిగా నమ్ముతాను.

పాత దస్త్రం (సోమవారం, మధ్యాహ్నం 1:30)

ముప్పై ఒక్క ఏళ్లు ప్రణాళికా విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. గాలివాటు గారూ, మీ బల్బు కథ అక్షరాలా నిజమని ఒప్పుకుంటాను. అటువంటి దస్త్రాలు నా బల్ల మీదుగానూ వెళ్లాయి. కానీ అడ్డు తొలగితే చాలన్నది అన్ని చోట్లా కుదరదు.

1970 ప్రాంతంలో మెక్సికోలోని కాన్‌కూన్ ఇసుక తిన్నె మీద మనుషులే దాదాపు లేరు. ఆ దేశపు కేంద్ర బ్యాంకు అధికారులు తీరాలన్నీ పరిశీలించి ఆ చోటును ఎంచారు. అంతర్ అమెరికా అభివృద్ధి బ్యాంకు అప్పు ఇచ్చింది. రోడ్డు, వంతెన, విమానాశ్రయం, తాగునీరు, మురుగు కాలువలు, అన్నీ ప్రభుత్వమే వేసింది. ఇంత చేసినా హోటలు కట్టమంటే పెట్టుబడిదారులు వెనకాడారు. తొలి హోటళ్లకూ ప్రభుత్వ డబ్బే కావలసివచ్చింది. 1974లో అవి తెరుచుకున్నాయి. ఆ తరువాత ప్రైవేటువాళ్లు వరుస కట్టారు. మొదటి నష్టం భరించే ధైర్యం ఎవరికీ లేనిచోట ప్రభుత్వమే ముందు నిలబడాలి.

అదే కథలో రెండో భాగమూ ఉంది. హోటళ్లు కట్టడానికి, వాటిలో పనిచేయడానికి దేశం నలుమూలల నుంచి జనం వచ్చారు. ప్రణాళిక పటంలో వాళ్ల కోసం గీసిన ఇళ్లు చాలలేదు. పట్నం అంచున నీళ్లూ మురుగు కాలువలూ లేని బస్తీలు పెరిగాయి. హోటళ్లేమో సముద్రాన్ని ఆపే ఇసుక దిబ్బల మీదనే లేచాయి. 2005లో విల్మా తుపాను వచ్చి ఆ తీరపు ఇసుకను ఊడ్చుకుపోతే, మళ్లీ ఇసుక తెచ్చి పోయడానికి ప్రజల డబ్బే ఖర్చు పెట్టారు. అతిథి గదికి పటం గీసినంత శ్రద్ధగా ఆ గది ఊడ్చే మనిషి ఇంటికి ఎవరూ గీయలేదు. ఇది నన్ను ఇప్పటికీ కలవరపెట్టే సంగతి, ఎందుకంటే అలాంటి పటాలు గీసిన చేతుల్లో నావీ ఉన్నాయి.

మరొక మాట. పర్యాటక శాఖ చేతిలో నిజానికి ఏమీ ఉండదు. ఒక జలపాతం దగ్గర నాలుగు మరుగుదొడ్లు కట్టాలని మేము ఒక ప్రతిపాదన పెట్టాం. నేల అడవి శాఖది. దారి రోడ్ల శాఖది. నీటి గొట్టం మరొకరిది, కరెంటు స్తంభం ఇంకొకరిది. శుభ్రం చేయించాల్సింది స్థానిక పాలకమండలి. ఎనిమిది శాఖలతో సమావేశం పెట్టాం. ఎవరూ వద్దనలేదు. తమది అని అన్నవాళ్లు కూడా లేరు. ఆ దస్త్రం రెండేళ్ల ఏడు నెలలు తిరిగింది. కాబట్టి బాటసారి గారి ప్రశ్నకు నా జవాబు ఇది: ఈ శాఖలన్నింటినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఫలానా తేదీలోగా ఫలానావారు చేయాలని చెప్పగల అధికారం ఒకరికి ఇవ్వడమే మొదటి పని.

గొడుగు నీడ (సోమవారం, సాయంత్రం 6:50)

మరుగుదొడ్ల మాట ఎత్తినందుకు పాత దస్త్రం గారికి నమస్కారం. పదకొండేళ్లుగా గైడును. మా పనిలో ఎవరూ రాయని సంగతి ఒకటి చెబుతాను.

ఒక పురాతన కట్టడానికి ఉదయం ఎనిమిదికి బృందాన్ని తీసుకువెళ్లాను. అందులో డెబ్బై ఏళ్ల పెద్దావిడ ఉన్నారు. చరిత్ర చదివి వచ్చిన మనిషి, నేను చెప్పేవాటిలో తేదీ తప్పితే సరిదిద్దేవారు. ఎండ ముదిరింది. నీళ్లు తాగమని రెండుసార్లు చెప్పాను. నవ్వి తల అడ్డంగా ఊపారు. పదకొండున్నరకు మూడో ద్వారం మెట్ల మీద కూలబడిపోయారు. నా గొడుగు ఆమెకు పట్టి, చేతిలోని సీసా తీసుకుని మూత తిప్పబోతే చిటుక్కున సీలు తెగింది. పొద్దుటి నుంచి ఒక్క గుక్క కూడా తాగలేదు. తరువాత బస్సులో నా చెవిలో చెప్పారు: "తాగితే ఎక్కడికి వెళ్లను? ముందే అడిగి తెలుసుకున్నాను, ఇక్కడ లేదట."

లేకపోవడం కాదు, ఉంది. ప్రవేశద్వారానికి కుడివైపు చక్కని రాతి గోడలతో కట్టారు, ప్రారంభ ఫలకమూ ఉంది. తాళం వేసి ఉంటుంది. కట్టడానికి డబ్బు వచ్చింది, రోజూ కడిగే మనిషికి జీతం రాలేదు. ఆడవాళ్లు నా బృందంలో ఉన్న ప్రతిసారీ ఆ తాళం వైపు చూస్తాను. ప్రభుత్వం చేయాల్సిన మొదటి పని అడిగారు. నా మటుకు నాకు ఆ తాళం తీయడమే.

గాలివాటు (సోమవారం, రాత్రి 8:05)

గొడుగు నీడ గారూ, చదువుతుంటే గొంతు పట్టేసింది. అయితే అది ప్రైవేటువాళ్లకు అప్పగిస్తే తాళం తీసి ఉండేది కదా? వాడినవారి దగ్గర కొద్దిపాటి రుసుము తీసుకుని నడిపేవారు చాలామంది ఉన్నారు.

గొడుగు నీడ (సోమవారం, రాత్రి 8:31)

అప్పగించినా అభ్యంతరం లేదండి. కానీ వానాకాలంలో రోజుకు పదిమందే వచ్చినప్పుడు ఆ నడిపేవారు ఏం చేస్తారు? అప్పుడూ తలుపు తెరిచి ఉంచాలని ఒప్పందంలో రాసి, ఆ నెలల లోటు భరించేవాళ్లు ఎవరో ఒకరు ఉండాలి.

శిలాలేఖ (మంగళవారం, ఉదయం 6:20)

పాత కట్టడాల పరిరక్షణ నా వృత్తి. ఇక్కడ అందరూ 'ఎలా పెంచాలి' అని మాట్లాడుతున్నారు. 'చాలు' అనే మాట చెప్పగలిగేది కూడా ప్రభుత్వం ఒక్కటేనని నేను గుర్తు చేయాలి.

నేను కొలిచే మెట్లు ఉన్నాయి. వందల ఏళ్ల నాటి రాయి. మధ్యలో అరచేయి పట్టేంత గుంట పడింది. అంచుల దగ్గర ఉలి గీతలు ఇంకా కనబడతాయి, మధ్యలో అద్దంలా నునుపు. వాన వెలిశాక ఆ గుంటలో నీళ్లు నిలిచి ఆకాశం కనిపిస్తుంది. చూసేవాళ్లకు అందంగా ఉంటుంది, నాకు గుండె జారుతుంది. కంబోడియాలోని ఆంగ్‌కోర్ ఆలయాల్లో చాలాచోట్ల రాతి మెట్ల మీద చెక్క మెట్లు అమర్చింది ఇందుకే. పాదం రాయిని తాకకూడదు. ఆ చెక్క మెట్టు ఏ హోటలూ పెట్టదు, ఏ బస్సు యజమానీ పెట్టడు. మెట్టు అరిగినందుకు ఎవరి లాభమూ ఆ ఏడాది తగ్గదు కనుక.

ఫిలిప్పీన్స్‌లో బోరకాయ్ దీవిని 2018 ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు ఆరు నెలలు పూర్తిగా మూసేశారు. హోటళ్ల మురుగు నేరుగా సముద్రంలోకి పోతుంటే అప్పటి అధ్యక్షుడు దుతెర్తె దాన్ని మురికిగుంట అన్నారు. మూసివేత వల్ల కూలీలు, పడవవాళ్లు పడ్డ ఇబ్బంది చిన్నది కాదు. వాళ్లను ముందే ఆదుకునే ఏర్పాటు చేసి మూయాల్సింది. తిరిగి తెరిచినప్పుడు రోజుకు ఇంతమందే రావాలని హద్దు పెట్టారు. థాయిలాండ్‌లో మాయా బే అనే చిన్న సముద్రపు ఒడిని కూడా అదే ఏడాది మూశారు. ఆ పగడాలు పడవల లంగర్లకు విరిగి, కాళ్ల కింద నలిగి చాలావరకు చచ్చిపోయాయి. మూడున్నరేళ్లు మూసి ఉంచి పగడపు మొక్కలు నాటారు. నల్ల మొన రెక్కల చిన్న సొరచేపలు తిరిగి వచ్చాయి. ఇప్పుడు పడవలు దీవి వెనుక వైపు ఆగాలి. ఏటా ఒక విరామకాలమూ పెట్టారు.

ఈ రెండు చోట్లా పర్యాటకం చచ్చిపోలేదు. ఆపినందుకే బతికింది. ఇటలీ ప్రభుత్వం 2021 ఆగస్టు నుంచి వెనిస్ నడిబొడ్డున ఉన్న కాలువలోకి భారీ ఓడలు రాకూడదని ఆదేశించింది. అది కూడా పర్యాటక విధానమే.

కొత్త మొలక (మంగళవారం, ఉదయం 8:45)

పర్యాటక నిర్వహణ చదువుతున్నాను, ఇక్కడ పెద్దల మాటలు పాఠాల కంటే ఎక్కువ నేర్పుతున్నాయి. ఒక సందేహం. హద్దు పెట్టడానికి సులువైన దారి భూటాన్‌లా రుసుము పెంచడమే కదా? తక్కువమంది వస్తారు, ఎక్కువ డబ్బు వస్తుంది. అన్ని దేశాలూ ఎందుకు అలా చేయవు? మళ్లీ అలా చేస్తే నాలాంటి విద్యార్థులు ఎన్నటికీ ఏ దేశమూ చూడలేరేమో అన్న బెంగ కూడా ఉంది.

లెక్కలపద్దు (మంగళవారం, ఉదయం 10:10)

బాబూ, మంచి ప్రశ్న, బెంగ కూడా సరైనదే.

భూటాన్ 1974లో తలుపులు తెరిచింది. మొదటి నుంచీ 'విలువ ఎక్కువ, సంఖ్య తక్కువ' అన్న దారి పట్టింది. కోవిడ్ తరువాత 2022 సెప్టెంబరులో సుస్థిరాభివృద్ధి రుసుమును రాత్రికి 65 డాలర్ల నుంచి 200కు పెంచింది. రావాల్సినంత మంది రాలేదు. చిన్న హోటళ్లు, గైడులు ఇబ్బంది పడ్డారు. ఏడాది తిరిగేసరికి, 2023 సెప్టెంబరులో, 100కు తగ్గించింది. ఆ దేశాన్ని నేను తప్పుపట్టడం లేదు. తన నిర్ణయాన్ని తానే దిద్దుకునే ప్రభుత్వం అంటే నాకు గౌరవం. రుసుము అన్నది రాతి మీద గీత కాదు, తక్కెడలో రాయి. వేసి చూడాలి, తీసి చూడాలి.

రువాండా 2017లో కొండ గొరిల్లాల దగ్గరికి వెళ్లే అనుమతి ధరను రెట్టింపు చేసి 1,500 డాలర్లు చేసింది. ఆ జీవి ప్రపంచంలో మూడే దేశాల్లో ఉంది కాబట్టి ఆ ధర నిలబడింది. ఇసుక తీరం ఉన్న దేశం అలా చేస్తే జనం పక్క దేశపు తీరానికి వెళతారు. నేను రువాండాలో మెచ్చుకునేది ధరను కాదు, ఆ డబ్బు పోయే దారిని. పార్కుల ఆదాయంలో చుట్టుపక్కల పల్లెలకు 2005 నుంచి 5 శాతం ఇస్తూ వచ్చారు. ధర పెంచినప్పుడే దాన్ని 10 శాతం చేశారు. పల్లెలో బడి గోడ లేచినా, నీటి తొట్టి వచ్చినా అది గొరిల్లా వల్ల వచ్చిందని అక్కడివాళ్లకు తెలుసు. 2018లో కొండ గొరిల్లా తీవ్ర ప్రమాదంలో ఉన్న జీవుల జాబితా నుంచి ఒక మెట్టు బయటపడింది. వలపన్నే చేతులే కాపలా కాయడం మొదలుపెడితే ఎంత తేడా వస్తుందో చూడండి.

విద్యార్థుల సంగతి: రుసుము ఒకటే మార్గం కాదు. సమయం కేటాయించిన టికెట్లు, కొన్ని రోజులు ఉచిత ప్రవేశం, సొంత పౌరులకు వేరే ధర, ఇలా ఎన్నో ఉన్నాయి. జపాన్ 2019 జనవరిలో దేశం విడిచి వెళ్లేవారి దగ్గర 1,000 యెన్‌లు తీసుకోవడం మొదలుపెట్టింది, విదేశీయులైనా స్వదేశీయులైనా ఒకటే. అది ఎవరినీ ఆపేంత బరువు కాదు, అయినా అంతా కలిస్తే పెద్ద మొత్తం.

గడపదీపం (మంగళవారం, మధ్యాహ్నం 3:25)

మా ఇంట్లోనే రెండు గదులు అతిథులకు ఇచ్చి బతికే కుటుంబం మాది. పల్లెకు వాటా అన్న మాట చదివి రాయకుండా ఉండలేకపోయాను.

అనుమతి కోసం దరఖాస్తు పెట్టుకుంటే మాకూ రెండు వందల గదుల హోటలుకూ ఒకే పత్రం ఇచ్చారు. వాహనాలు నిలిపే స్థలం ఎంత, అగ్నిమాపక యంత్రం ఇంట్లోకి తిరిగేంత దారి ఉందా, వంటవాడి ధ్రువపత్రం ఏది అని అడిగారు. వంట చేసేది మా అత్తగారు. ఆమెకు ధ్రువపత్రం ఎవరివ్వాలి? భద్రత వద్దనడం లేదు. పొయ్యి దగ్గర ఏం జాగ్రత్త పడాలో ఒకరు వచ్చి ఒక పూట నేర్పితే సంతోషంగా నేర్చుకునేవాళ్లం. మా కొలతకు సరిపోయే నియమం కావాలి.

మాల్దీవుల సంగతి ఒక అతిథి చెబితే తెలిసింది. 1972లో తొలి రిసార్టు మొదలయ్యాక, దశాబ్దాల పాటు పర్యాటకులు జనం లేని దీవుల్లోని రిసార్టుల్లోనే దిగాలి. ఊరివాళ్లు ఉండే దీవుల్లో బసకు అనుమతి లేదు. 2009లో చట్టం మార్చి ఊరి దీవుల్లోనూ అతిథిగృహాలు పెట్టుకోనిచ్చారు. మాఫుషి లాంటి దీవుల్లో చేపలు పట్టుకునే కుటుంబాలు గదులు కట్టుకున్నాయి. పెద్ద సంస్థలు తెచ్చిన డబ్బు కాదు, కేవలం ఒక నియమం మారినందుకు ఆ ఇళ్లలో దీపం వెలిగింది.

ఇక్కడే భయమూ ఉంది. అందరూ ఇళ్లను అతిథులకే ఇస్తే ఊళ్లో ఉపాధ్యాయుడికీ నర్సుకూ అద్దెకు ఇల్లు ఎక్కడ? స్పెయిన్‌కు 2024లో దాదాపు 9 కోట్ల 40 లక్షల మంది విదేశీయులు వెళ్లారు. అదే ఏడాది కానరీ దీవుల్లో, బార్సిలోనాలో స్థానికులు వీధుల్లోకి వచ్చి ఇళ్లు దొరకడం లేదని మొరపెట్టుకున్నారు. మేము ఈ వృత్తిలో బతుకుతున్నా వాళ్ల వైపే నిలబడతాను. ఊరు లేకపోతే అతిథి చూడడానికి ఏముంటుంది?

పాత దస్త్రం (మంగళవారం, సాయంత్రం 5:40)

అమ్మా గడపదీపం, మీ అత్తగారి ధ్రువపత్రం సంగతి చదివి నా ఉద్యోగకాలం మొత్తం కళ్ల ముందు తిరిగింది. పెద్ద హోటలు కోసం రాసిన పత్రాన్నే అందరికీ పంపడం మాకు సులువు, అందుకే పంపాం. క్షమించండి.

మేము ఏం లెక్కపెట్టామో కూడా చెబుతాను. ఏటా ఎంతమంది వచ్చారు, అదొక్కటే. ఆ అంకె పెరిగితే అందరం సంతోషించేవాళ్లం. ఎన్ని రాత్రులు ఉన్నారు, ఖర్చులో ఎంత ఆ ఊళ్లో మిగిలింది, ఎన్ని నీళ్లు వాడారు అని అడిగితే జవాబు ఉండేది కాదు. పర్యాటకం జాతీయ ఆదాయపు లెక్కల్లో విడిగా కనిపించదు. రవాణాలో కొంత, భోజనశాలల్లో కొంత, దుకాణాల్లో కొంత కలిసిపోతుంది. దాన్ని విడదీసి చూపే పద్ధతిని ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం 2000లోనే ఆమోదించింది, పర్యాటక ఉపగ్రహ ఖాతా అంటారు. అది కూర్చడానికి డబ్బు, ఓపిక, నిజాయతీ కావాలి. ప్రైవేటు సంస్థ ఎవరూ చేయరు. నన్నడిగితే ఒక ప్రకటన ఖర్చు తగ్గించైనా ఈ లెక్క తీయించాలి.

పర్యాటకాన్ని పెంచింది ప్రతిసారీ పర్యాటక శాఖే కానక్కరలేదు. కోస్టారికాలో 1980ల నాటికి అడవి నాలుగో వంతు దరిదాపులకు తరిగిపోయింది. 1996 అటవీ చట్టం ఇంధనం మీద పన్నులో కొంత తీసి, చెట్లు నిలుపుకున్న రైతులకు చెల్లించే ఏర్పాటు చేసింది. ఇప్పుడు దేశంలో సగానికి పైగా అడవే. ప్రపంచం ఆ దేశానికి వెళ్లేది ఆ అడవి కోసమే.

బాటసారి (మంగళవారం, రాత్రి 9:10)

ఇన్ని మాటలు విన్నాక నా ప్రశ్న నాకే చిన్నదిగా కనిపిస్తోంది. ఒక్కటి చేర్చాలి. 2020లో అంతర్జాతీయ ప్రయాణాలు ఒక్క ఏడాదిలో దాదాపు నాలుగింట మూడు వంతులు పడిపోయాయి. నాతో పన్నెండేళ్లు బండి నడిపిన డ్రైవరు తన వాహనం అమ్ముకున్నాడు. తాళంచెవి కొన్నవాడి చేతిలో పెట్టాక, అద్దం మీద తను అతికించిన పాప ఫొటో తీసుకోవడం మరిచాడట. మళ్లీ పరుగెత్తి వెళ్లి తెచ్చుకున్నాడు. ప్రయాణాలు తిరిగి మొదలయ్యేసరికి అతను వేరే పనిలో కుదురుకున్నాడు. రాలేదు. అలాంటివాళ్లు ఎందరో.

భవనాలు ఎప్పుడైనా కట్టుకోవచ్చు. పన్నెండేళ్ల అనుభవం ఉన్న మనిషి చేజారితే మళ్లీ దొరకడు. థాయిలాండ్ 2021 జులైలో టీకా వేసుకున్నవారికి ఫుకెట్ దీవిని మాత్రం ముందు తెరిచింది. దానికి ముందు ఆ దీవివాళ్లకు టీకాలు వేయించింది. అందరినీ ఒక్కసారి ఆదుకోలేనప్పుడు ఒక చోట నుంచి మొదలుపెట్టడం కూడా ఆదుకోవడమే. కష్టకాలానికి ఒక నిధి, నమోదైన గైడులు, డ్రైవర్ల జాబితా మంచి రోజుల్లోనే సిద్ధం చేసుకోవాలి. జాబితా లేకపోతే సాయం చేద్దామన్నా చిరునామా ఉండదు.

గాలివాటు (బుధవారం, ఉదయం 7:30)

రాత్రంతా ఆలోచించాను. నిధి, హద్దు, లెక్క, ఈ మూడూ ప్రభుత్వం పనులేనని ఒప్పుకుంటున్నాను. హోటలు విషయంలో మాత్రం నా మాట మారదు.

శిలాలేఖ (బుధవారం, ఉదయం 8:15)

ఒక మినహాయింపు చూపించనివ్వండి. స్పెయిన్ 1928 నుంచి పారదోర్ల పేరుతో ప్రభుత్వ విడుదులు నడుపుతోంది. పాత కోటలు, మఠాలు చాలావాటిని బాగుచేసి హోటళ్లుగా మార్చింది. లాభం చూసుకునేవాడు పోయి గదులు కట్టని మారుమూల ఊళ్లలోనూ అవి ఉన్నాయి. పైకప్పు కూలిపోయే కోటకు అతిథులు వచ్చారు కాబట్టి పైకప్పు నిలిచింది. అలాంటిచోట ప్రభుత్వ హోటలు నాకు ఇష్టమే.

గాలివాటు (బుధవారం, ఉదయం 8:40)

కోటకు అయితే సరే. కానీ బల్బు మార్చే అధికారం ఆ కోట మేనేజరుకే ఉండాలి.

గొడుగు నీడ (బుధవారం, మధ్యాహ్నం 12:20)

ఒక వార్త. ఇక్కడి సంభాషణ ధైర్యం ఇచ్చింది, నిన్న మధ్యాహ్నం మేము తొమ్మిదిమంది గైడులం కలిసి కార్యాలయానికి వెళ్లాం. కోపంగా వెళ్లలేదు. పెద్దావిడ సంగతి చెప్పాను. అధికారి కాసేపు ఏమీ మాట్లాడలేదు, తరువాత లేచి తాళంచెవుల గుత్తి తీసుకుని మాతో నడిచివచ్చారు. తాళం తుప్పు పట్టి రాలేదు, కొబ్బరినూనె పోసి తీశారు. లోపల కుళాయిలు పనిచేస్తున్నాయి. ఒక ఆమె కడగడానికి ఒప్పుకుంది. ఈ నెల జీతం మేమే తలా కొంత వేసుకుని ఇస్తామన్నాం.

వచ్చే నెల నుంచి ఆమెకు ఎవరివ్వాలో అధికారికీ తెలియదు. పాత దస్త్రం గారూ, ఆ జీతం ఏ పద్దులో రాయించాలో చెప్పగలరా?

పాత దస్త్రం (బుధవారం, మధ్యాహ్నం 2:05)

చెబుతాను తల్లీ. కట్టడం ఖర్చు, నిర్వహణ ఖర్చు వేరు వేరు పద్దులు. మీ భవనం మొదటి పద్దులో కట్టారు, రెండో పద్దులో దాని పేరే ఎక్కి ఉండదు. అందుకే జీతం రాలేదు. ప్రవేశ టికెట్ల ఆదాయంలో ఒక వాటా ఆ కట్టడం దగ్గరే నిర్వహణకు ఉంచాలని కోరుతూ దరఖాస్తు పెట్టండి. కొత్త డబ్బు అడగకండి, ఉన్న డబ్బులో వాటా అడగండి. ఏడాది పొడవునా, వానాకాలంతో సహా, అని తప్పక రాయండి. తొమ్మిదిమంది సంతకాలూ, ఆ అధికారి సిఫారసూ జతచేయండి.

నమూనా ఈ రాత్రికి రాసి ఇక్కడ పెడతాను. ఈలోగా గత మూడేళ్ల టికెట్ల అమ్మకం నెలవారీ లెక్క ఎవరి దగ్గర ఉందో కనుక్కోండి. అది లేకుండా వాటా ఎంత అడగాలో తేల్చలేం.